మూడో చుట్టు

దీపాలు ఆర్పేశారు. ఇక లేవడానికి లేదు. ఎడమ పక్క గోడ, కుడి పక్క లోథార్, అతని చేతికర్ర ముందు కుర్చీకి అడ్డంగా ఆనించి ఉంది, అతను మోకాళ్ళు పక్కకి తిప్పితే తప్ప నేను బయటికి పోలేను, తిప్పమనాలంటే అతనితో మాట్లాడాలి. నలభై తొమ్మిదేళ్ళుగా ఈ మనిషి ఏటా నవంబరులో, పోయినవాళ్ళ ఆదివారానికి ముందు రోజు, నా గుమ్మంలో ఒక సంచీడు అక్రోటు కాయలు పెట్టి తలుపు కొట్టకుండా వెళ్ళిపోతాడు. ఆ కాయలు నేను తినను, పారేయను, పక్కింటి ఉర్సెల్‌కి ఇచ్చేస్తాను, అది వాటిని కేకులో వేసి మళ్ళీ నాకే తెచ్చి పెడుతుంది, అలా తిన్నవి తిన్నట్టు కాదనుకుంటాను. ఇవాళ పొద్దున్న కూడా సంచీ వచ్చింది. ఇప్పుడు మనిషే వచ్చాడు. హాలు ఇంకా సగం ఖాళీగా ఉండగానే వచ్చి, ఎక్కడెక్కడో చోటుండగా, కర్రతో తడుముకుంటూ ఈ గోడ పక్క వరసలోకే దూరి, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. అది ఉర్సెల్ కోసం పట్టిన కుర్చీ. ఎందుకలా అన్నానో నాకే తెలీదు, భయపడినప్పుడు నా నోరు ఎప్పుడూ ఎదటివాళ్ళకి కావలసిందే చెబుతుంది.

ఉర్సెల్ సూపు కుండ దగ్గర్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, హాలంతా వినేలా, "ఓసి నీ అసాధ్యం కూలా, డెబ్బై ఏడేళ్ళకి పక్కన మగాడు కావలసొచ్చాడే నీకు? నా కుర్చీయే దొరికిందా?" అంది. ముందు వరసలో నవ్వారు. లోథార్ లేవబోయాడు. "కూర్చో నాయనా కూర్చో, నువ్వు లేచేసరికి సినిమా అయిపోతుంది" అని అతని భుజం మీద తట్టి వంటగది గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. దానికి అన్నీ నవ్వులాటే, అది మంచి మనసు, దానికి ఏమీ తెలీదు. తర్వాత యెట్టే వేదిక మీదికొచ్చింది, ఈ సినిమా తీసిన పిల్ల, బడిపంతులు కూతురు, నాలుగేళ్ళు మా లోయలన్నీ తిరిగి ముసలివాళ్ళందరి చేతా మాట్లాడించింది. తలుపు దగ్గర వెల్లకిలా పెట్టిన హెల్మెట్ ఉంది కదా, వెళ్ళేటప్పుడు దానిలో నాలుగు డబ్బులు వేయడం మర్చిపోవద్దు, కొండ రక్షకులకి కొత్త స్ట్రెచర్ కావాలి, పాతదాని మీద మోసుకొస్తే విరగని కాలు కూడా విరుగుతోంది, అని నవ్వించింది. ఆ తర్వాత నవ్వడం మానేసి, "ఈ సినిమాలో ఇంతవరకూ ఎవరూ చూడని ముక్క ఒకటుంది, డెబ్బై నాలుగు సెప్టెంబరులో తీసింది, ఆ ఫిల్మ్ డబ్బా నాకిచ్చింది లోథార్ తాతయ్య" అంది. జనం చప్పట్లు కొట్టి మా వైపు తిరిగారు. లోథార్ తల ఎత్తలేదు. నెల కిందట యెట్టే మా ఇంటికొచ్చి, "మామ్మా, జిగ్మార్ తాతయ్య ఉన్న ముక్క మీకు ముందే చూపించనా?" అనడిగితే, అందరితో పాటే చూస్తాలే అన్నాను, మా ఆయన్ని నేను చూస్తుంటే ఆ పిల్ల నా మొహం చూస్తుందని భయం. డబ్బా ఎవరిచ్చారో అప్పుడు అడగలేదు. అడగవలసింది.

తెర మీద మా కొండలు తెల్లారుతున్నాయి. నది మీద పొగమంచు, దానిలోంచి ఇసుకరాతి స్తంభాలు ఒక్కొక్కటే తల పైకెత్తుతున్నాయి, స్నానానికి దిగిన ముసలివాళ్ళలాగా. తర్వాత పాత బొమ్మలు, నూరేళ్ళకి పైబడినవి, మీసాల కుర్రాళ్ళు, నడుముకి జనపతాడు, కాళ్ళకి ఏమీ లేవు. వెనకాల ఎవరో, "చూడరా, మీ ముత్తాతకి బూట్లు కూడా లేవు" అన్నారు. "లేకేం, ఉండేవి, అమ్మేసి బీరు తాగేశాడు" అని ఇంకొకరు. హాలు ఘొల్లుమంది. నాకూ నవ్వు రావాలి, రాలేదు. చెయ్యి కోటు జేబులోకి పోయింది, అక్కడ బారెడు నూలుతాడు ఎప్పుడూ ఉంటుంది, వేళ్ళు బిగుసుకుపోకుండా ఏదో ఒకటి అల్లుతూ ఉండమని డాక్టరు చెప్పాడు, చెప్పకపోయినా ఉండేది. తాడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చీకట్లో ఎవరికీ కనపడదు. ఎడమ చేతి రెండు వేళ్ళ మీద మొదటి చుట్టు పడింది. మా రాతిలో ఇనుము పెట్టకూడదు, మేకు కొట్టకూడదు, చేతులకి సుద్దపొడి కూడా రాసుకోకూడదు, మెత్తటి రాయి, ఇనుము తగిలితే అరిగిపోతుంది. ఎక్కడో పైన ఒక ఇనప కడియం ఉంటుంది, దాని దాకా చేరేలోపల పడకుండా ఆపేది నెర్రెలోకి దూర్చిన ముడి ఒక్కటే. తాడుకి వేసిన ముడి. సన్న నెర్రెకి చిన్న ముడి, వెడల్పు నెర్రెకి పెద్దది, పిడికిలంత, మావాళ్ళు దాన్ని కోతి పిడికిలి అంటారు. మూడు చుట్లు నిలువుగా, మూడు అడ్డంగా, ఆఖరి మూడు లోపల్నించి, ఆ పైన ఒక్కొక్క పొరా లాగి లాగి బిగించాలి, అరగంట పని. జిగ్మార్‌కి అంత ఓపిక లేదు. నాకుంది. నేను నదికి అవతల తాళ్ళ కార్ఖానాలో పనిచేసేదాన్ని, పరదా తాళ్ళు, బూటు నాడాలు, పడవ తాళ్ళు, తెగిన ముక్కలు ఇంటికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు.

వేళ్ళు గుర్తుపెట్టుకుంటాయి, తల మర్చిపోయినా. నాకు చదువు వేళ్ళతోనే వచ్చింది ముందు. ఆరేళ్ళప్పుడు తుంటి ఎముకకి క్షయ పట్టి మూడేళ్ళు వెల్లకిలా పడుకోబెట్టారు, పక్కమంచం ముసలామె తాడిచ్చి ముడులు నేర్పింది, అక్షరాలు నేర్పేవాళ్ళు రాలేదు. బయటికొచ్చి బళ్ళో వెనక బల్ల మీద కూర్చున్నాను, చదవమంటే కళ్ళు మంటలనేదాన్ని, అలాగే తోసేశారు ఒక్కొక్క తరగతీ. జిగ్మార్‌కి పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది. నవ్వలేదు. మర్నాటి నుంచి పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు, తనకి అలా చదివితేనే బుర్రకెక్కుతుందని చెప్పి. ప్రతి స్తంభం నెత్తినా ఇనప పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది, ఎక్కినవాళ్ళు పేరు రాసి దిగాలి. జిగ్మార్ తన పేరు కింద ఎప్పుడూ ఇంకో ముక్క రాసేవాడట, 'ముడులు మార్లీస్‌వి' అని. ఆ మాట ఎన్నో ఏళ్ళ తర్వాత నా కళ్ళతో నేనే చదివాను. అంటే ఈ హాల్లో ఉన్న ప్రతి ముసలివాడికీ తెలుసు, జిగ్మార్ భుజానికి వేలాడే ముడులు ఎవరు వేసినవో. లోథార్‌కి అందరికంటే బాగా తెలుసు. తాడుకి అటు కొస జిగ్మార్ అయితే ఇటు కొస లోథార్, పదకొండేళ్ళు.

అడ్డం చుట్లు మూడు. తెర మీద ఇప్పుడు మనుషుల మీద మనుషులెక్కారు. నున్నటి గోడ, పట్టు లేదు, అందుకని ఒకడి భుజాల మీద ఇంకొకడు, వాడి నెత్తి మీద మరొకడు, అయిదుగురు. ఇదీ మావాళ్ళ పద్ధతే, ఎన్ని భుజాలు వాడుకున్నదీ దాచకుండా రాయాలి, అదీ నియమం. "పైవాడి పేరు పుస్తకంలోకి పోతుంది, అడుగువాడి మెడ ఆసుపత్రికి పోతుంది" అని వెనకనించి. "నువ్వెప్పుడూ అడుగునే కదా ఉండేవాడివి?" "అందుకే కదరా నాకు మెడ లేదు!" నవ్వులు. దాచకుండా రాయాలి, దాచకుండా రాయాలి, ఆ మాట ఎందుకో తిరుగుతోంది తలలో. లోథార్ నవ్వడం లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, ముక్కులోంచి, మెట్లెక్కి వచ్చినవాడిలాగా. ఎందుకిచ్చాడు ఆ డబ్బా? అది తీసిన హెల్మర్ మా ఊరి పోస్టుమాన్, మా క్లబ్బులో కెమెరా ఉన్నది అతనొక్కడికే, జిగ్మార్ కొండ మీంచి పడ్డ ఆ ఆదివారం తర్వాత దాన్ని మళ్ళీ చేత పట్టలేదు, పోయినేడు పోయాడు. పోయేముందు లోథార్‌కి అప్పగించి ఉంటాడు. లోథార్ దాన్ని నదిలో పడేసి ఉండొచ్చు. పడేయలేదు. ఊరంతా కూర్చున్న హాల్లో వేయడానికి ఇచ్చాడు. నా ముడి అంతెత్తున తెర మీద పడుతుంది, నా తలకాయంత కాదు, గుమ్మమంత, దాని చుట్లు ఎవరైనా లెక్కపెట్టొచ్చు. అది చూపించడానికేనా నా పక్కన కూర్చున్నాడు, చూసేటప్పుడు నా మొహం చూడ్డానికి? మరుగుకి వెళ్ళాలని చెబుతాను. కర్ర కాస్త తియ్యమంటాను. నాలుక పైకి లేవడం లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి కెర్స్టిన్‌కి జ్వరం. నాలుగేళ్ళ పిల్ల, ఒళ్ళు కాలిపోతోంది, తడిగుడ్డ మారుస్తూ మధ్యలో ముడి వేస్తున్నాను. ఆదివారం 'మూగ సన్యాసి' ఎక్కాలి, అలాంటి పేర్లే మా రాళ్ళకి, దాని పడమటి నెర్రె పిడికిలంత వెడల్పు, పెద్ద ముడి కావాలి. హెల్మర్ ఎక్కడినుంచో రంగుల ఫిల్మ్ సంపాదించాడు, అది మళ్ళీ దొరకదు. నాకు కోపంగా ఉంది, పిల్లకి ఒళ్ళు తెలియకుండా ఉంటే ఈయనకి రాళ్ళు, సినిమాలు. ఆ మాట అనలేదు, అనకుండా తాడు లాగాను. నిలువు మూడు, అడ్డం మూడు, లోపల్నించి ఒకటి, రెండు, అక్కడికి తాడు అయిపోయింది. జానెడు తక్కువ కోసుకున్నాను. మొత్తం విప్పి వేరే తాడుతో మళ్ళీ మొదలుపెట్టాలి. పిల్ల ఏడ్చింది. రెండుతోనే లాగేసి బిగించేశాను. పైకి చూస్తే ఏమీ తెలీదు, చేత్తో పట్టుకుని నొక్కితే తెలుస్తుంది, లోపల కాస్త బోలు. జిగ్మార్ లోపలికొస్తే ఇచ్చి, "చూసుకో" అన్నాను. ప్రతిసారీ తన ముడి తనే చూసుకునేవాడు, ఎక్కేవాళ్ళందరూ చూసుకుంటారు. ఆ రోజు పిల్ల నుదురు మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ముడి తీసుకుని భుజానికి తగిలించుకుని, "నీ ముడికి నేను పరీక్ష పెట్టాలా?" అన్నాడు. అంతే. చెబుదామనుకున్నాను. పిల్ల కక్కింది. శనివారం పొద్దున్నే దాన్ని పట్టుకుని పిర్నా ఆసుపత్రికి పోయాను, రాత్రంతా కుర్చీలో కూర్చున్నాను, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి జ్వరం దిగింది, నాలుగున్నరకి రక్షకుల్లో ఒకాయన తలుపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు.

ఎవరు ఏమన్నా అప్పుడు నాకు ఎక్కలేదు. ముడి అనే మాట ఎవరూ నా ముందు అనలేదు, అనకపోవడమే గట్టిగా వినిపించింది. శీతాకాలంలో పర్వతారోహకుల సంఘం నుంచి ఒక టైపు కొట్టిన కాగితం వచ్చింది, కింద సంతకాలు. ఎవరిచేతైనా చదివించుకోవచ్చు. చదివేవాళ్ళ మొహం నేను చూడాలి కదా. చక్కెర డబ్బాలో పెట్టాను. ముప్పై ఏళ్ళు ఆ డబ్బాలో చక్కెర పోయలేదు. యాభై ఎనిమిదో ఏట పిర్నాలో సాయంత్రం బడికి పోయాను, అందరికీ మనవరాలికి కథలు చదివి చెప్పడానికని చెప్పాను. మూడో చలికాలం నాటికి ఆ కాగితం తీసి మేజా మీద పరిచి వేలు పెట్టి చదివాను, ఒక సాయంత్రమంతా పట్టింది. 'రాయి పొడిగా ఉంది. నెర్రెలో పెట్టిన ముడి ఆగలేదు. ముడి వేయడంలో లోపం కావచ్చు. ప్రత్యక్ష సాక్షి లోథార్ హెన్నిగ్.' మూడు వాక్యాలు, ఒక పేరు. అన్నేళ్ళూ నాకు తెలిసిందే రాసి ఉంది, కొత్తగా ఏమీ లేదు. కాకపోతే అంతవరకూ అది నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. ఇతను నొక్కి చూశాడన్నమాట ఆ ముడిని. బోలు తగిలిందన్నమాట వేలికి. అక్రోటు కాయలు దానికన్నమాట, క్షమించానని చెప్పడానికో, క్షమించలేదని గుర్తు చేయడానికో.

యుద్ధం అయిపోయింది తెర మీద, కాలిన నగరం ఒక్క క్షణం కనపడి పోయింది, మళ్ళీ కుర్రాళ్ళు, చిరుగుల స్వెట్టర్లు, దుప్పటి చుట్ట వీపున కట్టుకుని రైలు దిగుతున్నారు, రాతి చూరు కింద పడుకుంటున్నారు, గిటారు, మంట, పంది కొవ్వు రాసిన రొట్టె. ముసలివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి పేర్లు అరుస్తున్నారు. "అదుగో నేను!" "ఏదీ, ఆ జుట్టున్నవాడా? పోరా!" నా వేళ్ళు లోపలి చుట్లకి వచ్చాయి. ఒకటి. అరవైల్లోకి వచ్చాం. నలుపూ తెలుపూ ఇంకా. రంగు వస్తే అదే. రంగు రాకూడదు. లోథార్ చెయ్యి తన మోకాలి మీద ఉంది, తెర వెలుగులో కనిపిస్తోంది, మచ్చలు పడ్డ చెయ్యి, బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది, ఆగకుండా, రాయి పట్టుకునేముందు ఇసుక దులుపుకునేలాగా. రెండు. ఎవరో దగ్గారు. హాలు వేడిగా ఉంది, సూపు వాసన, తడి కోట్ల వాసన.

రంగు వచ్చింది.

ఎర్రగా మాసిన రంగు, టీ పడ్డ గుడ్డలాగా, శబ్దం లేదు. యెట్టే పాట కూడా పెట్టలేదు. జిగ్మార్ ఇటు తిరిగి ఏదో అంటున్నాడు, నోరు కదులుతోంది, నాకు ఆ నోరు తెలుసు, కానీ ఏమంటున్నాడో తెలీదు. ముప్పై ఒక్క ఏళ్ళు. కెర్స్టిన్ ఇప్పుడు అంతకంటే ఇరవై రెండేళ్ళు పెద్దది. నీలం చొక్కా, మోచేతి దగ్గర నేను వేసిన మాసిక. భుజానికి అడ్డంగా ముడితాళ్ళు, పళ్ళగెలలాగా, అన్నిటికంటే కింద అది. తెల్లటి పడవతాడు. పిడికిలంత. చుట్లు లెక్కపెడదామంటే బొమ్మ ఊగుతోంది, ఇంకాస్త ఆగితే, ఇంకాస్త దగ్గరికొస్తే. రాలేదు. అతను తిరిగి రాయి మీద చెయ్యి వేశాడు, కెమెరా వెనక్కి జరిగింది, మొత్తం రాయి కనపడింది. నేను ముడినే చూస్తున్నాను, అందుకని నాకు మిగతావాళ్ళకంటే ఆలస్యంగా తెలిసింది. హాల్లో ఏదో మారింది. కుర్చీల చప్పుడు ఆగిపోయింది, వెనకాల నవ్వించే ముసలాయన గొంతు, ఇప్పుడు నవ్వు లేదు దానిలో, "రాయి నల్లగా ఉంది" అన్నాడు. ఎవరో, "నీడ" అన్నారు. "నీడ కాదు. తడి." అప్పుడు చూశాను. నెర్రెకి రెండు పక్కలా, మనిషెత్తు నుంచి ముగ్గురు మనుషులెత్తు దాకా, రాయి నల్లగా, కాఫీలో ముంచిన రొట్టెలాగా. మా ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు, తడిసిన ఇసుకరాయి రాయి కాదు. వాన పడితే ఒక రోజు, పెద్ద వాన అయితే రెండు రోజులు, ఎవరూ ముట్టుకోరు, ఎంత పేరున్నవాడైనా సరే, ముట్టుకున్నవాడితో కలిసి బల్ల దగ్గర కూర్చోరు. పైన ఆరినట్టుంటుంది, లోపల నాని ఉంటుంది, ముడి దూర్చి బరువు పడితే అంచు బిస్కట్టులా విరిగిపోతుంది. మా లోయల్లో వాన ఒక రాయి మీద పడి పక్క రాయి మీద పడదు. ఆ శనివారం పిర్నాలో చినుకు లేదు. ఊళ్ళోనూ లేదన్నారు. రాయి పొడిగా ఉంది, అని కాగితం. జిగ్మార్ ఎక్కుతున్నాడు, నల్లదానిలోకి. ముడి దూర్చాడు, తాడు పట్టి ఒకసారి కిందికి గుంజాడు. కిందికి చూశాడు, కెమెరా వైపు కాదు, తాడు పట్టుకున్నవాడి వైపు. తల అడ్డంగా ఊపాడు, ఒకసారి. తర్వాత మళ్ళీ పైకి తిరిగాడు. తెర నల్లబడింది, అతని పేరు, రెండు సంవత్సరాలు. పుట్టింది ఒకటి, పోయింది ఒకటి. చదివాను.

సినిమా ఇంకా నడుస్తోంది, కొత్త కుర్రాళ్ళు, కొత్త రంగులు, ఎవరూ చూడటం లేదు. తలలు తిరుగుతున్నాయి, మా వరస వైపు, ఒక్కొక్కటే, తిరిగి మళ్ళీ ముందుకి. లోథార్ నా చెవి దగ్గరికి వంగాడు. ఎనభై దాటినవాడి గుసగుస ఎంత మెల్లగా ఉంటుంది, ముందు వరసకి కూడా వినపడి ఉంటుంది. "ముందు రోజు సాయంత్రం వాన పడింది, ఆ ఒక్క లోయలోనే. వాడు వద్దన్నాడు. ఫిల్మ్ మళ్ళీ దొరకదు, ఇవాళ కాకపోతే లేదు, ఆరిపోయిందిలే ఎక్కరా అన్నది నేను. మధ్యాహ్నం రక్షకులు వచ్చేసరికి ఎండకి పైన తెల్లబడిపోయింది. పొడి అన్నాను. మరి ఎలా పడ్డాడన్నారు. ముడి అన్నాను." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నీ ముడికి ఏమీ కాలేదు, మార్లీస్. నేను దాన్ని చూడను కూడా లేదు. అబద్ధం చెప్పాను. హెల్మర్‌ని కూడా నోరు మూసుకోమన్నాను."

చూడను కూడా లేదు. ఇతని వేలు ఆ బోలుని ముట్టుకోనే లేదు. ఊరికే అన్నాడు, నోటికొచ్చిన అబద్ధం, అది వెళ్ళి సరిగ్గా నా రెండో చుట్టు దగ్గర తగిలింది. ఇప్పుడు నేను ఊరుకుంటే చాలు. ఏమీ చేయక్కర్లేదు. దీపాలు వెలుగుతాయి, ఉర్సెల్ ఏడుస్తూ వచ్చి కావిలించుకుంటుంది, నీ ముడిని అన్నాడటే ఆ వెధవ, అంటుంది, అందరూ నా చేతులు పట్టుకుంటారు, ఈ చేతులు, ఇతని దగ్గర మాత్రం రేపు పోయినవాళ్ళ కోసం శిఖరం మీద పాడేటప్పుడు ఎవరూ నిలబడరు. నలభై తొమ్మిదేళ్ళ మోతబరువు దించి పక్కవాడి ఒళ్ళో పెట్టడం, వాడే చేతులు చాపి అడుగుతున్నాడు. ఎంత తేలిక. ఒళ్ళోకి చూసుకున్నాను. చీకట్లో వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి, ముడి అయిపోయింది, గట్టిగా లాగి బిగించి ఉంది, కొస జానెడు మిగిలే ఉంది. ఈసారి తాడు చాలింది. అయినా నా వేళ్ళు ఎక్కడ ఆగాయో నాకు చూడక్కర్లేకుండానే తెలుసు.

అతని చెయ్యి తీసుకుని దానిలో పెట్టాను. ఏమిటన్నట్టు చూశాడు. ముడి అని తెలియగానే వేళ్ళు వాటంతటవే కదిలాయి, అరవై ఏళ్ళ అలవాటు, చేతికొచ్చిన ముడిని చూసుకోకుండా ఉండలేవు ఆ వేళ్ళు. బొటనవేలు మొదటి వరస మీద నడిచింది, ఒకటి, రెండు, మూడు. తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. తిప్పాడు. ఒకటి. రెండు. అక్కడ ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ లెక్కపెట్టాడు. నొక్కాడు. ముడి లోపలికి దిగింది.

"ఇలాగే వేశావా?" అన్నాడు.

"ఇలాగే. తాడు చాలలేదు. విప్పి మళ్ళీ వేయడానికి ఓపిక లేకపోయింది. ఆయన చూసుకోలేదు, నేను చెప్పలేదు."

ముడి మీద గుప్పిట మూశాడు. తర్వాత, "తడి రాతిలో మూడైనా ఒకటే" అన్నాడు.

"పొడి రాతిలో రెండు సరిపోయేవో లేదో. నీకు తెలీదు."

"నీకూ తెలీదు."

"తెలీదు."

దీపాలు వెలిగాయి. చప్పట్లు లేవు. ముందు గోడ దగ్గర మా కొండ గాయకులు లేచి వరసగా నిలబడ్డారు, పోయినవాళ్ళ పాట పాడాలి, పాట మొదలైతే ఇక ఎవరూ మాట్లాడకూడదు, అది పద్ధతి. వాళ్ళ నాయకుడు చెయ్యి పైకెత్తి కూడా ఎందుకో పాడించలేక మా వైపే చూస్తున్నాడు. వెనకనించి ఆ నవ్వించే ముసలాయన, "లోథార్, ఆ రాయి తడిగా ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు" అన్నాడు. లోథార్ కర్ర తీశాడు. మోకాళ్ళు పక్కకి తిప్పి నాకు దారిచ్చాడు. "నువ్వు బయటికెళ్ళు, మార్లీస్. నేను చెప్పుకుంటాను. ముడి సంగతి ఇక్కడెవరికీ అక్కర్లేదు" అన్నాడు మెల్లగా. తలుపు కనిపిస్తోంది, దాని పక్కన వెల్లకిలా హెల్మెట్, గుమ్మంలో ఉర్సెల్ ఏప్రాను నోటికి అడ్డం పెట్టుకుని. నేను లేచాను. అతని మోకాళ్ళు దాటలేదు. చెయ్యి ఇచ్చాను, అతను పట్టుకుని లేచాడు, నా తుంటి నొప్పి, అతని నడుము నొప్పి, ఒకళ్ళ మీద ఒకళ్ళం ఆనుకుంటే గానీ నిలబడలేకపోయాం.

"తడిగా ఉంది" అన్నాడు లోథార్, పెద్దగా. "నాకు తెలుసు. నేనే ఎక్కమన్నాను. పొడి అని అబద్ధం రాయించాను."

గాయకుల నాయకుడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. లోథార్ నా వైపు తిరిగాడు, అరచెయ్యి తెరిచాడు, దానిలో ముడి. దాన్ని తీసుకుని అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకున్నాను.

"ఇది లెక్కపెట్టండి" అన్నాను.